సీరియల్ అయ్యేవరకు

మెట్ల మీద అడుగులు పడగానే వస్తున్నది ఎవరో కత్తెరమ్మకి తెలిసిపోతుంది. ఆ మెట్లు ఆమె నెత్తిమీదే ఉన్నాయి మరి. ఇంట్లో ఎవరు పైకెక్కినా, కిందికి దిగినా ఆమె తలమీంచి నడిచి వెళ్ళాల్సిందే. మావగారివి బరువైన అడుగులు, ఒక్కో మెట్టునీ పలకరించి మరీ దిగుతారు. భర్తవి రెండేసి మెట్లు దూకే అడుగులు. అత్తగారి అడుగులు వినపడవు గానీ మోకాలు నొప్పికి ఆవిడ తీసే మూలుగు వినపడుతుంది. కుక్కవి గోళ్ళు. ఆ పొద్దున్న అందరికన్నా ముందు దిగింది కుక్కే.

ఒకప్పుడు పాత సామాను పడేసే కొట్టుగది అది. ఇప్పుడు దాన్ని ఎడిటింగ్ రూము అంటున్నారు. పేరు మారింది గానీ కిటికీ రాలేదు. మెట్ల వాలుకి తగ్గట్టు పైకప్పు తలుపు వైపుకి దిగిపోయి ఉంటుంది. వంగకుండా గడప దాటితే నుదురు పగలాల్సిందే. మావగారు నిర్మాత, ఆయన తీసే సీరియల్ రోజూ సాయంత్రం టీవీలో వస్తుంది. షూటింగులో తీసిన ముక్కలన్నీ ముందుగా ఈ గదిలోకి వచ్చి పడతాయి. వాటిని చూసి, కోసి, అతికించి, ఒక ఎపిసోడ్‌గా నిలబెట్టేది ఈ ఇంటి కోడలు. యూనిట్‌లో వాళ్ళంతా ఆమెని కత్తెరమ్మ అనడానికి కారణం అదే. ఇప్పుడు ఇంట్లోనూ అదే పేరు.

ఆ పొద్దున్న ఆమె ముందున్న ముక్కలో కథానాయిక ఒక తలుపు దగ్గర నిలబడి గడియ తీస్తోంది. తలుపవతల ఎవరున్నారో చూపించే షాటు కూడా తీశారు. కత్తెరమ్మ దాన్ని పక్కన పడేసింది. గడియ మీద వేళ్ళు, సగం తెరుచుకున్న తలుపు, కథానాయిక కళ్ళు. అక్కడ ఆపేసింది. ఇక మర్నాటి సాయంత్రం దాకా జనం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. ఎక్కడ ఆపాలో తెలియడమే ఆమె విద్య.

నెత్తిమీద బరువైన అడుగులు గబగబా పడ్డాయి. మావగారు మెట్లని పలకరించడం మానేశారంటే విషయం పెద్దదే.

"అమ్మాయ్! కత్తెరమ్మా! బయటికి రా! ఛానల్ వాళ్ళు ఫోన్ చేశారు!"

ఆమె వంగి బయటికొచ్చింది. పెద్దాయన ముఖం వెలిగిపోతోంది.

"పొడిగించారు! ఇంకో ఏడాది! కథ ముగించేద్దామా అని పోయిన నెల గొణిగినవాళ్ళే, ఇవాళ వాళ్ళంతట వాళ్ళే అడిగారు. ఎందుకో తెలుసా? నువ్వు ఆపే చోట ఆపుతుంటే జనం వదల్లేకపోతున్నారట. అంతా నీ చేతి చలవే తల్లీ!"

"మంచిదే కదా మావయ్యా," అంది కత్తెరమ్మ. నవ్వింది కూడా. ఆ నవ్వు నవ్వడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. తను బాగా కోసినకొద్దీ ఆ సీరియల్ బతుకుతోంది. అది బతికినన్నాళ్ళూ తనకి ఈ గదే గతి.

ఆ ఉచ్చుని ఆమె మెడలో ఇంకెవరూ వేయలేదు, తనే వేసుకుంది. పెళ్ళికి ముందు ఆమె సినిమాలకి అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేసేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో సీరియల్ ఎడిటర్ చెప్పాపెట్టకుండా మానేశాడు. మావగారు తలపట్టుకుని కూర్చుంటే చూడలేక, "ఈ సీరియల్ అయ్యేవరకు నేను చూస్తాను మావయ్యా, మీరు దిగులు పడకండి," అంది. పెద్దాయన కళ్ళు చెమర్చాయి. మాట మీద నిలబడే మనిషి ఆయన, ఎదుటివాళ్ళ మాటనీ అలాగే నమ్ముతాడు. అప్పుడు సీరియల్‌లో కథానాయికకి పెళ్ళిచూపులు. ఇప్పుడు ఆ కథానాయిక కూతురికి పెళ్ళిచూపులు. మధ్యలో ఏడేళ్ళు గడిచాయి, ఒక్క మాట మాత్రం అలాగే ఉంది.

ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి తెలిసొచ్చింది మొన్నమొన్నే. అదీ మావగారి పుణ్యమే. యూనిట్‌లో ప్రతి మనిషితోనూ రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలని ఛానల్ వాళ్ళు కొత్తగా పట్టుబట్టారు. సినిమా, టీవీ వాళ్ళకి ఒప్పందాలు, హక్కులు, బేరసారాలు నేర్పే శిక్షణ ఒకటి ఊళ్ళో మొదలైంది. "మనింట్లో చదువుకున్నదానివి నువ్వే. వారానికో పూట వెళ్ళి నేర్చుకునిరా. ఎపిసోడ్ సంగతి ముందు రోజే చూసేసుకుందువు గాని," అని ఆయనే పంపారు.

క్లాసు ఒక పాత డబ్బింగ్ థియేటర్ పైనున్న హాల్లో. మేకప్ మనిషి, సౌండ్ మనిషి, ఇద్దరు రచయితలు, ఒక ఫైట్ మాస్టారు, ఇలా అందరూ బెంచీల మీద బడిపిల్లల్లా కూర్చునేవారు. పాఠం చెప్పే లాయరమ్మ పుస్తకం తెరిచేది కాదు. ఇద్దర్ని లేపి కుర్చీలు మార్చేది. నిర్మాత చేత నటుడి తరఫున, నటుడి చేత నిర్మాత తరఫున బేరం ఆడించేది. "ఎదుటివాడి కుర్చీలో కూర్చున్నప్పుడు జాలిపడి ఓడిపోకూడదు. గెలవడానికే మాట్లాడాలి. అప్పుడే వాడి బాధ మీకు తెలుస్తుంది," అనేది. మొదటి రోజే ఇంకో మాటా అంది. "ఒప్పందంలో లోపలికొచ్చే తలుపు ఎంత ముఖ్యమో, బయటికి పోయే తలుపూ అంతే ముఖ్యం. ఆ రెండోది లేకపోతే ఎలుకలబోనుకీ దానికీ తేడా లేదు."

అందరూ నవ్వారు. కత్తెరమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి ఆమె యూనిట్ మొత్తానికి ఒప్పందాలు తయారు చేసింది. నటులకి, డ్రైవర్లకి, లైట్లు పట్టుకునేవాళ్ళకి, అందరికీ బయటికి పోయే తలుపు పెట్టింది. సీరియల్‌లో నటించే ఇంటి కుక్కకీ ఒప్పందం ఉంది. ఆరు గంటలకి మించి పని చేయించరాదు, మధ్యలో పడుకోనివ్వాలి, వయసు మీదపడితే పీడించకుండా వదిలేయాలి. ఛానల్ వాళ్ళు అడిగిన పట్టికలో ఇంక మిగిలింది ఒక్క ఎడిటరే. అక్కడ పెద్దాయన, "ఇంటి మనిషి" అని తన చేత్తో రాసి పంపించేశారు.

క్లాసులో ఆమె పక్కన కూర్చునే పిల్ల ఒక కొత్త డైరెక్టరు. మొదటి సినిమా షూటింగు ముగించింది. "నా సినిమాని నువ్వే కొయ్యాలక్కా. ఐదు నెలలు. ఇంకెవరి చేతిలోనూ పెట్టబుద్ధి కావట్లేదు," అని వారం నుంచీ వెంటపడుతోంది. నిర్మాత తొందరపెడుతున్నాడని, ఇవాళ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే ఇంకొకరిని పెట్టేస్తారని పొద్దున్నే మెసేజ్ పెట్టింది. కత్తెరమ్మ దాన్ని చూసి ఫోను బోర్లా పెట్టింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ పూట ఆమెకి బాగా తెలిసింది.

ఆ రోజు షూటింగు లేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. పెద్దాయన ఇంకా సంబరంలోనే ఉన్నారు. వచ్చే ఏడాది కథలో ఎవరిని చంపాలో, ఎవరిని బతికించాలో ముద్దముద్దకీ చెబుతున్నారు.

"మావయ్యా," అంది కత్తెరమ్మ. "నాకో సినిమా వచ్చింది. ఐదు నెలలు పని. ఇవాళే చెప్పాలి. వెళ్తాను."

పెద్దాయన చెయ్యి కంచంలోనే ఆగింది. "సినిమా సంగతి సరే. సీరియల్?"

"ఇంకో ఎడిటర్‌ని చూద్దాం."

"చూద్దామంటే దొరికేస్తారా? నీలా ఎక్కడాపాలో తెలిసినవాళ్ళు ఎవరున్నారు? పైగా పొడిగించింది ఇవాళే. రేపట్నుంచి ఎపిసోడ్ చప్పబడితే ఛానల్‌కి నేనేం చెప్పను?" ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది. "అయినా సీరియల్ అయ్యేవరకు చూస్తానన్నావు. నేనడగలేదమ్మాయ్. నువ్వే అన్నావు."

"అన్నాను మావయ్యా. కానీ అది అవట్లేదుగా!"

"అవకపోతే సంతోషించాలి గానీ ఏడుస్తావేంటి?"

భర్త గోడమీద పిల్లిలా ఇటూ అటూ చూశాడు. సీరియల్‌కి కెమెరామన్ అతను. తండ్రి ముందు అతని నోరు ఫోకస్ దొరకని షాటులా ఉంటుంది. "నాన్నా, అది కాదు... తనకి కూడా... అంటే..." అని మజ్జిగ గ్లాసు ఎత్తాడు.

"క్లాసుకి పంపింది నేనే. నాకు బుద్ధి లేక పంపాను," అన్నారు పెద్దాయన. "ఇంట్లో కూర్చుని నాతో ఒప్పందాలు మాట్లాడతావా? మన మధ్య కాగితాలేంటమ్మా? ఇల్లు నీది, కంపెనీ నీది. ఎక్కడికి పోతావు నువ్వు?"

ఎక్కడికి పోతావు. ఆయన ప్రేమగానే అన్నారు. ఆమెకి మాత్రం గోడలు నాలుగూ దగ్గరికి జరిగినట్టనిపించింది. లేచి వెళ్ళిపోదామంటే వెళ్ళేది మళ్ళీ ఆ మెట్ల కిందికే. కన్నీళ్ళు కంచంలో పడకుండా తల పక్కకి తిప్పుకుంది.

అప్పటిదాకా వడ్డిస్తూ నిలబడ్డ అత్తగారు గరిటె కింద పెట్టింది. సీరియల్‌లో అందరి బట్టలూ చూసుకునేది ఆవిడే. ఇస్త్రీ చేసుకుంటూ వారం వారం క్లాసు కబుర్లు కోడలి చేత చెప్పించుకుని వినడం ఆవిడకి మహా సరదా.

"ఏమండీ, ఆ క్లాసులో కుర్చీలు మార్చుకుని బేరమాడతారట. మీరిద్దరూ ఆడండి చూద్దాం. మీరు ఎడిటరు, అది నిర్మాత."

"ఇదేం ఆట?"

"ఓడిపోతారని భయమా?"

ఆ మాట ఇంకెవరన్నా పెద్దాయన ఊరుకునేవారేమో. బేరంలో ఆయన ఓడిన రోజు లేదు. కూరగాయల బండి దగ్గర మొదలుపెట్టి ఛానల్ పెద్దల దాకా ఎవరితోనైనా సరే, బేరం మొదలైతే ఆయనకి ఆకలిదప్పులుండవు. "భయమా? నాకా? ఎవరి కుర్చీలో కూర్చున్నా నేను గెలుస్తానే!" అని చెయ్యి కడుక్కుని లేచారు.

"అయితే వెళ్ళి దాని కుర్చీలో కూర్చోండి. ఎవరి పని చోటు వాళ్ళది," అంది అత్తగారు.

పెద్దాయన ఆ గదిలోకి పోయి ఎన్నేళ్ళయిందో. ఎపిసోడ్ చూడాలంటే పైన హాల్లో పెద్ద టీవీలో చూస్తారు. అందుకే గడప దగ్గర వంగాలని ఆయనకి గుర్తు లేదు. ఠప్పుమని నుదురు తగిలింది. "అమ్మా!" అని పట్టుకుని, ఎవరూ నవ్వకముందే తనే నవ్వేసి, ఎడిటింగ్ కుర్చీలో కూలబడ్డారు. కత్తెరమ్మ భోజనాల బల్ల దగ్గరి ఆయన కుర్చీని తెచ్చుకుని ఎదురుగా వేసుకుంది. అత్తగారూ, భర్తా గుమ్మం బయట నిలబడ్డారు.

"క్లాసులో ఒకటే షరతు మావయ్యా. జాలిపడి ఓడిపోకూడదు."

"నేనా? ఓడిపోవడమా? కానీయ్!" ఆయన గొంతు సవరించుకున్నారు. సన్నని గొంతు పెట్టి, "అయ్యా నిర్మాతగారూ, నాకు వేరే పని వచ్చింది, ఐదు నెలలు సెలవు కావాలి," అన్నారు. గుమ్మం దగ్గర భర్త నవ్వు ఆపుకున్నాడు.

కత్తెరమ్మ నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలింది, మావగారు వాలినట్టే. "మనలో మనకి సెలవులేంటి ఎడిటర్‌గారూ? ఇల్లు నీది, కంపెనీ నీది."

"నాదా? అయితే నా కంపెనీకి నేను సెలవిచ్చుకోవడానికి మిమ్మల్నెందుకు అడగాలి?"

"అబ్బే, నువ్వు లేకపోతే పని ఆగిపోతుంది కదా."

"చూశారా! నేను లేకపోతే పని ఆగిపోతుందని మీ నోటితోనే ఒప్పుకున్నారు. అంటే నా విలువ మీకు తెలుసు. తెలిసీ కాగితం మీద పెట్టలేదన్నమాట." పెద్దాయన సన్నగొంతు ఎప్పుడో వదిలేశారు. వీపు నిటారుగా అయింది. బేరం వాసన తగిలింది ఆయనకి.

"నువ్వు మాటిచ్చావు. సీరియల్ అయ్యేవరకు అన్నావు."

"అన్నాను. కాదనను. కానీ సీరియల్ ఎప్పుడవ్వాలో తేల్చేది ఎవరు? మీరూ, మీ ఛానలూ! నా మాటకి గడువు పెట్టే హక్కు మీ చేతుల్లో పెట్టుకుని, మాట తప్పావని నన్నంటారా? తాళం మీ జేబులో ఉంచుకుని, గుమ్మం దాటట్లేదేంటని అడిగినట్టుంది!"

అంతలో కుక్క ఎందుకో పైకి పరిగెత్తింది. భర్త దాని వెంట రెండేసి మెట్లు దూకుతూ వెళ్ళాడు. పెద్దాయన నెత్తిమీద దబదబమని మోత. ఆయన ఉలిక్కిపడి పైకి చూశారు. "ఏంటీ గోల?"

"రోజూ ఉండేదే ఎడిటర్‌గారూ. అలవాటవుతుంది," అంది కత్తెరమ్మ.

"అలవాటా? ఈ మోతలో మనిషి పనెలా చేస్తాడు? ఒప్పందంలో రాయించండి. చప్పుడు లేని గది కావాలి. కిటికీ ఉండాలి. పొద్దో మాపో తెలియని చోట ఎన్నాళ్ళు కూర్చోవాలి?"

"సర్దుకుపోవాలి మరి. నువ్వెళ్తే ఎపిసోడ్ ఎవరు కోస్తారు?"

"అది మీ తలనొప్పి!" పెద్దాయన బల్ల మీద గుద్దారు. "ఇన్నేళ్ళలో ఇంకో మనిషిని తయారుచేసుకోకపోవడం నిర్మాత తప్పా, నా తప్పా? నేను బాగా చేశాననేగా ఇంకో ఏడాది పొడిగించారు! బాగా చేసినందుకు శిక్షా? చెడగొట్టి ఉంటే ఎప్పుడో బయటపడేదాన్ని!"

ఏడేళ్ళుగా కత్తెరమ్మ తనకు తనైనా గట్టిగా చెప్పుకోలేని మాట అది. జాలిపడి ఓడిపోకూడదన్న షరతు గుర్తొచ్చి, కళ్ళు నిండుతున్నా ఆఖరి మాట అనేసింది. "అయినా ఎక్కడికి పోతావు నువ్వు?"

"ఎక్కడికైనా పోతాను! మీకెందుకు? పోయే దారి చూపించండి ముందు! చివరికి ఇంట్లో కుక్కకి కూడా..."

అక్కడ ఆయన ఆగిపోయారు.

కుక్కకి ఒప్పందం రాయించి సంతకం పెట్టింది ఆయనే. ఆరు గంటలు, మధ్యలో నిద్ర, వయసు మీదపడితే విడుదల. ఆయన ఎదురుగా కోడలున్న కుర్చీ వైపు చూశారు. తన కుర్చీ అది. అందులో కూర్చున్న మనిషి చెంపల మీంచి కన్నీళ్ళు కారుతున్నాయి.

"గెలిచానా అమ్మాయ్?" అన్నారు.

"గెలిచారు మావయ్యా."

"ఎవరి తరఫున?"

ఆమె చెంపలు తుడుచుకుంది. ఆయన చుట్టూ చూశారు. గోడకి తగిలించిన చిన్న ఫ్యాను, వాలుగా దిగొచ్చిన పైకప్పు. తెర మీద పొద్దున్న ఆగిపోయిన బొమ్మ అలాగే ఉంది, సగం తెరుచుకున్న తలుపూ, గడియ మీద వేళ్ళూ. నెమ్మదిగా లేచి గుమ్మం వైపు నడిచారు. కళ్ళలో నీళ్ళు అడ్డమొచ్చాయేమో, మళ్ళీ వంగడం మరిచిపోయారు. ఈసారి నుదురు తగల్లేదు. కోడలి చెయ్యి అప్పటికే గుమ్మానికీ ఆయన తలకీ మధ్య ఉంది.

"వంగండి మావయ్యా. ఇక్కడ తగులుతుంది."

పెద్దాయన వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయారు. "ఇన్నేళ్ళూ ఇలా వంగే తిరుగుతున్నావా తల్లీ?"

"అలవాటైపోయింది మావయ్యా."

అంతే, ఆయన ఆ గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. "నేను నిన్ను కట్టేశానని నాకు తెలీదమ్మా. నువ్వు ఇష్టంగా ఉన్నావనుకున్నాను. నవ్వుతూ కనిపిస్తుంటే అడగాలని తోచలేదు," అన్నారు. కత్తెరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "నేనూ చెప్పలేదు మావయ్యా. మీ మనసు కష్టపెట్టుకుంటారని," అంది. అత్తగారు చెంగుతో కళ్ళు తుడుచుకుంటూనే, "బాగానే ఉంది వరస. ఇద్దరూ నోరు మూసుకుని ఏడేళ్ళు సీరియల్ నడిపించారు," అంది. కుక్కని ఎత్తుకుని దిగొచ్చిన భర్త మొదటిసారి పూర్తి వాక్యం మాట్లాడాడు. "నువ్వు ఆ పిల్లకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. నేను కూడా ఎప్పుడో చెప్పాల్సింది, నాదీ తప్పే."

డైరెక్టరు పిల్లకి ఫోన్ వెళ్ళింది. అటువైపు ఆ పిల్ల వేసిన కేక గుమ్మం దాకా వినపడింది. ఇక పెద్దాయన ఊరుకుంటారా! ఒప్పందం ఇప్పుడే రాయాలని కూర్చున్నారు. కొత్త ఎడిటర్‌కి పని చూపించడానికి వారం చాలంది కత్తెరమ్మ. "వారమేంటి, పది రోజులు," అన్నారాయన. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? అత్తగారు గుడ్లురిమింది. "సరే, వారమే. ఆ సినిమాకి ఐదు నెలలన్నావు, ఆరు రాసుకో. సినిమావాళ్ళు చెప్పిన గడువుకి ఎప్పుడు ముగించారు గనక," అన్నారు. తిరిగొచ్చాక సీరియల్ చెయ్యాలో వద్దో అప్పుడు ఆమె ఇష్టం. ఆ ముక్క మాత్రం ఆయనే చెప్పి రాయించారు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన మేడ మీద తన ఆఫీసు గది ఖాళీ చేయించారు. ఇంట్లో ఉన్న అన్ని గదుల్లోకీ ఎక్కువ వెలుతురున్న గది అదేనని ఆయనే అనేవారు. రెండు కిటికీలు, నిలువెత్తు తలుపు. కంప్యూటర్లూ తీగలూ అక్కడికి చేరాయి. ఎడిటర్ ఎవరైనా సరే, పని అక్కడే జరగాలన్నారు. ఆ వారం కత్తెరమ్మ అక్కడే కూర్చుని ఎపిసోడ్లు కోసింది. కొత్తగా వచ్చిన ఎడిటర్‌కి ఎక్కడ ఆపాలో చూపించింది. కిటికీలోంచి ఎండ జరుగుతూ బల్ల మీదికొస్తే పని ఆపి దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆఖరి రోజు పని ముగించి లేచింది. సినిమా ఆఫీసుకి వెళ్ళాలి. సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. పెద్దాయన బయట కుర్చీలో కూర్చుని ఆమె కోసమే చూస్తున్నారు. నిలువెత్తు తలుపు బార్లా తెరిచే ఉంది.

కత్తెరమ్మ గుమ్మం దగ్గర ఆగి, తల వంచి, నడుము వంచి, జాగ్రత్తగా బయటికి అడుగు పెట్టింది.

"వంగక్కర్లేదమ్మా," అన్నారు పెద్దాయన. ముఖం పక్కకి తిప్పుకున్నారు.